మనం బతుకమ్మ ఆడే కట్టకు యజమానులం మనమే

మన లేక్ సబ్‌డివిజన్‌లోని (చెరువు చుట్టూ ఉన్న మన ఇళ్ల కాలనీలోని) తెలుగు కుటుంబాలన్నిటికీ, ఉత్తర జార్జియాలో ఇలాంటి చెరువుల పక్కన ఇళ్లు కొనుక్కున్న మిగతా తెలుగువాళ్లకూ,

నమస్కారం.

మన చెరువు కట్ట భద్రత మీద మన హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) బోర్డుకు ఇప్పటికి మూడు ఉత్తరాలు ఇంగ్లీషులో రాశాను. వాళ్లు చదివారు. మీటింగ్ పెట్టారు, ఓటింగ్ కూడా పెట్టారు. కానీ మీటింగ్‌కు వచ్చినవాళ్లు చాలా తక్కువ. కోరం లేక ఓటింగ్ వాయిదా పడింది. ఆ సాయంత్రం హాల్లో కూర్చుని చుట్టూ చూశాను. మన సబ్‌డివిజన్‌లో మూడో వంతు ఇళ్లు తెలుగువాళ్లవే. మనవాళ్లం వచ్చింది నలుగురం. అందుకే ఈసారి తెలుగులో, నేరుగా మీకే రాస్తున్నాను.

చెప్పాల్సింది మన చెరువు కట్ట గురించి. సాయంత్రాలు మనం వాకింగ్ చేసే కట్ట, పిల్లలు సైకిళ్లు తొక్కే కట్ట. ఇంగ్లీషులో దాన్ని డ్యామ్ అంటారు. ఆ మాట వింటే మనకు నాగార్జునసాగర్, శ్రీశైలం గుర్తొస్తాయి కాబట్టి, ఇక్కడ ఉన్నది కూడా డ్యామే అని మన మనసుకు ఎక్కదు. పచ్చగడ్డి కప్పుకున్న ఒక మట్టి గట్టు, దాని వెనక బాతులు తిరిగే నీళ్లు. కానీ ఆ గట్టు తీసేస్తే ఆ నీళ్లు అక్కడ నిలవవు. కిందికి పోతాయి. కింద ఇళ్లున్నాయి.

2024 సెప్టెంబర్ 26 రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెలీన్ తుపాను ఫ్లోరిడాలో తీరం దాటి మన మీదికి వచ్చిన రాత్రి. ఆ రెండు రోజుల్లో అట్లాంటాలో 11.12 అంగుళాల వాన పడింది. 48 గంటల వానకు 1886 నుంచి ఉన్న 9.59 అంగుళాల రికార్డు దానితో పోయింది. వరద హెచ్చరికలతో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికి టార్చ్ పట్టుకుని కట్ట దగ్గరికి వెళ్లాను. అలాంటి రాత్రి కట్ట మీదికి వెళ్లకూడదని ఇప్పుడు తెలుసు, మీరెవరూ వెళ్లకండి. అప్పటికే అక్కడ ఇద్దరు పొరుగువాళ్లు ఉన్నారు. ఒడ్డు దగ్గర నీళ్లలో కాంక్రీట్ పెట్టెలా ఒకటి కనిపిస్తుంది కదా, చిన్న వంతెన మీదుగా దాని దగ్గరికి పోయి, ఆకుల్ని, పైన్ కొమ్మల్ని రేక్‌లతో లాగుతున్నారు. నేనూ ఒక రేక్ అందుకున్నాను. అప్పుడు చూశాను. నీళ్లు కట్ట పై అంచుకు జానెడు కింద ఉన్నాయి.

ఆ పెట్టె ఏమిటో మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకైతే ఇక్కడికి వచ్చిన ఆరేళ్ల దాకా తెలియదు. మన ఊళ్ల భాషలో చెప్పాలంటే మన చెరువుకు మత్తడి అదే, కొన్నిచోట్ల అలుగు అంటారు. నీళ్లు నిండితే ఆ పెట్టెలోకి దూకి, కట్ట అడుగు నుంచి వెళ్లే ఒక పైపులోంచి అవతలి వాగులో పడతాయి. పెట్టె మీది జల్లెడ ఆకులతో మూసుకుపోతే నీళ్లకు దారి లేదు. ఇంకో దారి ఉండాలి, ఉంది కూడా. కట్టకు ఎడమ చివర గడ్డి పరిచిన పల్లం ఒకటి ఉంది. పెద్ద వరద వస్తే నీళ్లు కట్ట మీదుగా కాకుండా ఆ పక్క నుంచి పొర్లిపోవాలని దాన్ని అలా వదిలారు. ఇప్పుడు దానికి అడ్డంగా ఒక చెక్క కంచె ఉంది, ఆ కంచె లోపల పిల్లల ఊయల ఉంది. ఆ ఇంటివాళ్లను నేను తప్పుపట్టడం లేదు. ఆ పల్లం ఎందుకుందో వాళ్లు ఇల్లు కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

మట్టి కట్టకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం నీళ్లు దాని నెత్తి మీదుగా పారడం. కాంక్రీట్ గోడ అయితే కొంతసేపు ఓర్చుకుంటుంది. మట్టి ఓర్చుకోదు. అవతలి వాలు మీద నీళ్లు పారడం మొదలైతే గడ్డి లేచిపోతుంది, మట్టి కోసుకుపోతుంది, కోత వెనక్కి జరుగుతూ వచ్చి గండి పడుతుంది. ఆ రాత్రి మనకూ దానికీ మధ్య ఉన్నది జానెడు మట్టి, మూడు రేక్‌లు.

తెల్లవారాక వాన తగ్గింది. వెలుతురులో మళ్లీ వెళ్లి చూస్తే కట్ట పైన, సరిగ్గా కింద పైపు వెళ్లే గీత మీద, కూరగాయల గంపంత గుంత కనిపించింది. అంతకుముందు అది లేదు. కట్ట దిగి అవతలి అడుగుకు వెళ్తే ఒకచోట నేల మెత్తగా ఉంది, కాలు దిగబడింది. ఆ పక్కనే సన్నగా నీళ్లు ఊరుతున్నాయి. ఆ రోజు తేటగానే ఉన్నాయి.

తేటగా ఉన్నాయా అని వంగి చూడటం నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మా తాత వరంగల్ దగ్గర మా ఊరి చెరువుకు నీరటి. తూము తెరవడం, మూయడం, పొలాలకు నీళ్లు పంచడం ఆయన పని. వానాకాలంలో పొద్దున లేచి కట్ట పొడవునా నడిచేవాడు. సెలవులకు వెళ్లినప్పుడు నేనూ వెనకాల నడిచేవాణ్ని. కట్ట కింద ఎక్కడ తడి కనిపించినా ఆగి, అరచేతిలోకి నీళ్లు తీసుకుని చూసేవాడు. తేటగా ఉంటే సరే అని ముందుకు సాగేవాడు. అందులో మట్టి కనిపించిందంటే కట్ట లోపలి నుంచి కరుగుతోందని అర్థం. ఇక ఆ రోజు ఇంటికి అన్నానికి కూడా వచ్చేవాడు కాదు. ఊళ్లో డప్పు మోగేది, మనుషులు వచ్చేవాళ్లు, ఇసుక, గడ్డి, మట్టి తెచ్చేవాళ్లు. కట్టకు బుంగ పడటం అంటే ఏమిటో ఆ ఊళ్లో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

ఇక్కడి ఇంజనీర్లు అదే పనిని వేరే మాటల్లో చెబుతారు. పైపు చుట్టూ నీళ్లకు దారి దొరికితే మట్టి రేణువులు ఒక్కొక్కటిగా కొట్టుకుపోతాయి, లోపల సొరంగంలా ఏర్పడుతుంది, పైన గుంత పడుతుంది. మన కట్ట కింద ఉన్నది ముడతల ఇనుప పైపు. 1950ల్లో, 60ల్లో జార్జియా రైతులు పశువుల కోసం, పొలాల కోసం చెరువులు కట్టుకున్నప్పుడు ఎక్కువగా వేసింది ఇలాంటి పైపులే. అవి తుప్పు పడతాయి. అడుగు భాగం ముందు పోతుంది, ఎప్పుడూ తడిగా ఉండేది అదే కాబట్టి. అడుగు పోయాక పైపు చుట్టూ ఉన్న మట్టి పైపులోకే జారుతుంది. బయటికి మాత్రం ఏమీ కనిపించదు, మన గుంత లాంటిది పడేదాకా. ఒక చిన్న కెమెరాను పైపులోకి పంపి చూస్తే ఎంత పోయిందో ఒక్క పూటలో తెలిసిపోతుంది. అది ఇప్పటిదాకా మనం చేయించలేదు.

చెట్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. కట్ట వాలు మీద పెరిగిన పైన్ చెట్ల నీడ నాకూ ఇష్టమే. కానీ గాలివానకు ఒక పెద్ద చెట్టు వేళ్లతో సహా కూలితే కట్టలో ఒక ముక్కను తనతో పెకలించుకుపోతుంది. ఎండిపోతే ఇంకా ప్రమాదం, కుళ్లిన వేళ్లు నీళ్లకు తయారుగా దారులు వేసిపెడతాయి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల దగ్గర పూడికతీతతో పాటు కట్టల మీది కంపచెట్లు కొట్టించింది ఇందుకే.

ఇంత చిన్న కట్ట తెగితే మాత్రం ఏమవుతుంది అని మీలో ఒకరు నన్ను అడిగారు. జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. మన ఇళ్ల నుంచి గంటన్నర కారు ప్రయాణంలో టకోవా అనే ఊరుంది. అక్కడ 186 అడుగుల జలపాతం, దాని కింద ఒక బైబిల్ కాలేజీ. జలపాతానికి ఎగువన కెల్లీ బార్న్స్ డ్యామ్ అని ఒక మట్టి కట్ట ఉండేది. ఎత్తు 38 అడుగులు, పొడవు 400 అడుగులు. చెరువు 40 ఎకరాలు. 1899లో రాళ్లు, దుంగలతో మొదలై, తర్వాత కాలేజీకి కరెంటు కోసం మట్టి పోసి పెంచుకుంటూ వచ్చారు. 1957లో కరెంటు తీయడం ఆపేశారు. అప్పటినుంచి అది చేపలు పట్టుకునే, సరదాగా గడిపే చెరువు. కరెంటు ఇచ్చినన్నాళ్లూ దాని పని చూసే మనిషి ఒకడుంటాడు. ఊరికే అందంగా ఉండటం మొదలుపెట్టాక ఎవరుంటారు? మన చెరువును చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే వస్తుంది. ఒకప్పుడు మనదీ ఒక రైతు పశువుల చెరువు. ఆయన రోజూ కట్ట మీద నడిచేవాడనే అనుకుంటున్నాను.

1977 నవంబర్ 6, ఆదివారం, రాత్రి ఒంటిగంటన్నర. కొన్ని రోజులుగా వాన పడుతోంది. కట్ట తెగింది. నీళ్లు జలపాతం మీది నుంచి దూకి, కింద నిద్రపోతున్న హాస్టల్ మీద, పెళ్లయిన విద్యార్థులు కుటుంబాలతో ఉంటున్న ట్రెయిలర్ ఇళ్ల మీద పడ్డాయి. 39 మంది చనిపోయారు. అందులో 20 మంది పిల్లలు.

తర్వాత ప్రభుత్వ నిపుణులు వచ్చి కారణం వెతికారు. ఇదీ కారణం అని ఒక్కటి తేల్చలేకపోయారు. ఆ కట్టకు డ్రాయింగులు లేవు, కాగితాలు లేవు. అవతలి వాలు మరీ నిటారుగా ఉంది. 1973లో తీసిన ఒక ఫొటోలో ఆ వాలు ఒకచోట జారిపోయి కనిపిస్తోంది, పన్నెండు అడుగుల ఎత్తున, ముప్పై అడుగుల వెడల్పున. అంటే తెగడానికి నాలుగేళ్ల ముందే. ఆ ఫొటో గురించి చదివిన రోజు నా ఫోన్‌లో ఉన్న మన గుంత ఫొటో తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఏదో ఒకరోజు ఎవరో నిపుణుడు తన రిపోర్టులో పెట్టుకోవడానికి పనికొచ్చే ఫొటోగా అది మిగిలిపోకూడదు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మన జార్జియావాడే. 1972లోనే దేశంలోని డ్యాములను తనిఖీ చేయాలని చట్టం వచ్చినా పని పెద్దగా సాగలేదు. టకోవా తర్వాత, తెగితే ప్రాణాలు పోయే, ఫెడరల్ ప్రభుత్వానివి కాని డ్యాములను తనిఖీ చేయమని ఆయన ఆర్మీ కోర్‌ను (సైన్యపు ఇంజనీర్ల విభాగాన్ని) ఆదేశించాడు. మరుసటి ఏడాది, 1978లో, జార్జియా సేఫ్ డ్యామ్స్ చట్టం వచ్చింది. ఈ రోజు మన కట్టకు వర్తించే చట్టం అదే.

ఆ చట్టం ప్రకారం 25 అడుగులు, అంతకుమించి ఎత్తున్న కట్టలు, లేదా 100 ఎకర-అడుగులు (ఒక ఎకరంలో అడుగు లోతు నిలిచే నీళ్లు ఒక ఎకర-అడుగు), అంతకుమించి నీళ్లు నిలిపే కట్టలు రాష్ట్రం లెక్కలోకి వస్తాయి. వాటిని రెండు కేటగిరీలు చేశారు. తెగితే కింద మనుషుల ప్రాణాలు పోయే అవకాశం ఉంటే కేటగిరీ 1, లేకపోతే కేటగిరీ 2. కేటగిరీ 1 కట్టకు రాష్ట్రం పర్మిట్ కావాలి, ప్రమాణాలు గట్టిగా ఉంటాయి. ఇక్కడ ఒక సంగతి చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటున్నారు. కేటగిరీ అనేది కట్ట గట్టిగా ఉందా, బలహీనంగా ఉందా అని చెప్పదు. కింద ఎవరున్నారో చెబుతుంది. కట్ట ఒక్క అంగుళం మారకపోయినా కింద పచ్చికబయలులో కొత్తగా ఇళ్లు కడితే కేటగిరీ 2 కాస్తా కేటగిరీ 1 అవ్వాలి.

మన కట్ట పాత లెక్క ప్రకారం ఇప్పటికీ కేటగిరీ 2. కానీ ఈ పదేళ్లలో దాని కింద ఏం వచ్చిందో కారులో ఒకసారి వెళ్లి చూడండి. వాగు వెంబడి కొత్త సబ్‌డివిజన్ వచ్చింది. స్కూల్ బస్సు ఆ వాగు మీది కల్వర్టు దాటి వెళ్తుంది. మా అమ్మాయి క్లాస్‌మేట్ ఇల్లు అక్కడే. ఒకరోజు పాపను తీసుకురావడానికి వెళ్లినప్పుడు వాళ్ల నాన్నతో మాటల్లో, మీ ఇంటి వెనక వాగు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. పైన ఒక చెరువుంది, దాని కట్ట మాదే అని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అది బాగుందా అని అడిగాడు. నేను నిజమే చెప్పాను, తెలియదని. ఆ మాట చెప్పి ఇంటికి రావడం ఎంత కష్టమో మాటల్లో పెట్టలేను.

రాష్ట్రాన్ని మనంతట మనమే పిలవొద్దు, వాళ్లు వచ్చి కేటగిరీ 1 అంటే ఖర్చు నెత్తిన పడుతుంది, ఎందుకీ టెన్షన్ అని మన వాట్సాప్ గ్రూపులో కొందరు రాశారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. స్పిల్‌వే (వరద నీళ్లు బయటికి పోయే దారి) పెద్దది చేయాలంటారు, పైపు మార్చమంటారు, అది చిన్న డబ్బు కాదు. అయినా ఈ విషయంలో నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేను. కింద నిద్రపోయేవాళ్లకు తెలియకూడదని మనం కళ్లు మూసుకుంటే, తెలిసీ ఎందుకు మూసుకున్నారన్నదే రేపు ఏ కోర్టులోనైనా మొదట అడిగే ప్రశ్న. కోర్టు అడగకపోయినా ఆ క్లాస్‌మేట్ నాన్న అడుగుతాడు.

అసలు ఇది మనదెలా అయింది అనేవాళ్లు ఇంకా ఎక్కువమంది. కౌంటీకి టాక్స్ కడుతున్నాం కదా అంటారు. కౌంటీది కాదు. నేను కౌంటీ రికార్డుల్లో డీడ్ (ఆస్తి పత్రం) తీయించి చూశాను. రైతు దగ్గర భూమి కొన్న డెవలపర్ ఇళ్లన్నీ అమ్మేశాక చెరువును, కట్టను ఉమ్మడి స్థలంగా హెచ్‌ఓఏ పేరున రాసి ఇచ్చేశాడు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. హెచ్‌ఓఏ అంటే ఎవరో ఆఫీసులో కూర్చున్నవాళ్లు కాదు, ఇల్లున్న ప్రతి ఒక్కరం. క్లబ్‌హౌస్‌లో, స్విమ్మింగ్ పూల్‌లో మనకు ఎంత వాటా ఉందో కట్టలోనూ అంతే వాటా ఉంది. మా ఇల్లు లేక్ పక్కన లేదు, లేక్ వ్యూకు డబ్బు కట్టింది వాళ్లు కదా అన్న మాట కూడా విన్నాను. చూపు వాళ్లదే కావచ్చు. డీడ్‌లో ఉన్న పేరు మాత్రం మనందరిది.

ఎవరిదో తేల్చుకోకుండా వదిలేస్తే కట్టకు ఏమవుతుందో మన ఊళ్ల దగ్గరే చూశాం. 2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు కట్టకు గండి పడింది. కట్ట ఉన్నది తెలంగాణలో, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో. రాష్ట్రం విడిపోయాక ఇది ఎవరు చూడాలి, ఖర్చు ఎవరు పెట్టాలి అన్నది తేలకుండా ఏళ్లు గడిచాయి. వరద అది తేలేదాకా ఆగలేదు. అక్కడ రెండు ప్రభుత్వాలు. మన దగ్గర ఉన్నది ఒకే ఒక్క యజమాని, ఆ యజమాని మీటింగ్‌కు రావడం లేదు.

ఈ దేశం మొత్తం మీద లెక్కలో ఉన్న డ్యాములు 92 వేల దాకా ఉన్నాయి. వాటిలో సగానికి మించి ప్రైవేటువే. సగటు వయసు అరవై దాటింది. ఏ అవసరానికి కట్టారు అని చూస్తే అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది సాగునీరు కాదు, కరెంటు కాదు, వినోదం. అంటే మనలాంటివాళ్లే. 1994లో అల్బర్టో తుపానుకు మన జార్జియాలోనే 200కు పైగా కట్టలు తెగాయి. 2015 అక్టోబర్‌లో సౌత్ కరోలినాలో సుమారు 50 తెగాయి. కొలంబియా నగరంలో గిల్స్ క్రీక్ వెంట ఇళ్ల మధ్య ఉన్న చెరువుల్లో పైదాని నీళ్లు కిందదాని మీద పడి కష్టం పెరుగుతూ పోయింది. హెలీన్ రోజునే నార్త్ కరోలినాలో లేక్ ల్యూర్ డ్యామ్ మీదుగా నీళ్లు పొర్లి, పక్కనున్న మట్టిని కోసేశాయి. 1920ల్లో కట్టిన డ్యామ్, యజమాని లేక్ ల్యూర్ అనే ఆ చిన్న ఊరే. ఇక తెగిపోతుందని కిందివాళ్లను ఖాళీ చేయించారు. అదృష్టం, అది నిలబడింది.

మిషిగన్ సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు గురించి మనం పడుతున్న భయానికి జవాబు అందులో ఉంది. ఈడెన్‌విల్ డ్యామ్‌ను 1924లో కరెంటు కోసం కట్టారు. దాని వెనక ఏర్పడిన విక్సమ్ లేక్ ఒడ్డున ఇళ్లు లేచాయి, పడవలు వచ్చాయి. యజమాని ఒక ప్రైవేటు కంపెనీ. పెద్ద వరదను దాటించేంత స్పిల్‌వే లేదని ఫెడరల్ సంస్థ ఏళ్ల తరబడి చెప్పి, చివరికి 2018లో కరెంటు లైసెన్సు రద్దు చేసింది. పని మాత్రం జరగలేదు. 2020 మే 19న కట్ట తెగింది. ఆ నీళ్లు కింద ఉన్న శాన్‌ఫర్డ్ డ్యామ్‌ను కూడా ముంచి తెంచేశాయి. సుమారు 10 వేల మందిని కరోనా రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయించారు. ప్రాణనష్టం జరగలేదు, ముందుగా కదిలించడం వల్ల. కానీ తెల్లారేసరికి లేక్ లేదు. పడవల రేవులు బురదలో నిలబడ్డాయి. ఆ తర్వాత ఆ డ్యాములను తిరిగి నిలబెట్టే ఖర్చులో కొంత ఆ ఒడ్డున ఇళ్లున్నవాళ్ల మీదే అసెస్‌మెంట్‌గా (ఇంటింటికీ వేసే వసూలుగా) పడింది. అంటే ముందు ఇవ్వని డబ్బు తర్వాత ఇవ్వక తప్పలేదు, మధ్యలో చెరువూ పోయింది, ఇళ్ల ధరలూ పోయాయి.

రెండేళ్లలో అమ్మేసి వెళ్తాం, మాకెందుకు అనుకునేవాళ్లు కూడా ఈ సంగతి ఆలోచించండి. ఇన్సూరెన్స్ ఉంది కదా అనే ధీమా కూడా వద్దు. మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. హెచ్‌ఓఏ పాలసీ కాగితాలు తెప్పించుకుని నేనే చదివాను. డ్యామ్ తెగి ఎవరికైనా నష్టం కలిగితే వర్తించదని అందులో ఒక క్లాజు ఉంది. మనలో ఎవరూ దాన్ని చదవకుండానే ఏటా ప్రీమియం కట్టాం.

ఇప్పుడు బోర్డు అడుగుతున్నది ఏమిటంటే, ముందు డ్యాముల పని తెలిసిన ఇంజనీర్ చేత తనిఖీ, పైపులో కెమెరా. ఆ రిపోర్టు వచ్చేదాకా చెరువు మట్టం నాలుగడుగులు దించి ఉంచడం. ఎడమ చివర పల్లానికి అడ్డమున్న కంచెను హెచ్‌ఓఏ ఖర్చుతోనే జరపడం. కట్ట వాలు మీది చెట్లలో ఏవి, ఎలా తీయాలో కూడా ఇంజనీరే చెబుతాడు. పెద్ద చెట్లను తోచినట్టు కొట్టేసి వేళ్లు వదిలేస్తే అదో ప్రమాదం. వీటికి స్పెషల్ అసెస్‌మెంట్ కింద ఇంటికి పడేది, మనం ఇండియా వెళ్లడానికి ఒకరికి కొనే టికెట్ ఖర్చంత. కొందరికి అది కూడా బరువేనని తెలుసు. ఉద్యోగం పోయినవాళ్లు, వీసా టెన్షన్‌లో ఉన్నవాళ్లు మనలో ఉన్నారు. వాయిదాల్లో కట్టే వీలు పెట్టమని నేను బోర్డును అడిగాను, ఒప్పుకున్నారు.

దీనికి తోడు నేను ఇంకోటి అడుగుతున్నాను. కట్ట తెగే పరిస్థితి వస్తే కింద ఏయే ఇళ్లకు, ఎంతసేపట్లో నీళ్లు చేరతాయి, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి అని రాసిపెట్టిన ఎమర్జెన్సీ ప్లాన్ మనకు లేదు. అది ఉండాలి. దాని కాపీ కింది సబ్‌డివిజన్ హెచ్‌ఓఏకు, కౌంటీ ఎమర్జెన్సీ ఆఫీసుకు ఇవ్వాలి. వాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పే పని నేను చేస్తాను.

ఇంజనీర్ వచ్చి రిపేరు మన తాహతుకు మించిందని చెబితే? అప్పుడు నా మాట చెరువును పద్ధతిగా ఖాళీ చేసి, కట్టకు దారి కోసి, వాగును వాగులా పారనివ్వడమే. ఈ మాట రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ ఇల్లు కొన్నదే ఆ నీళ్లు చూసి. హెలీన్ వెళ్లిన రెండు వారాలకే అదే కట్ట మీద మన ఆడవాళ్లు సద్దుల బతుకమ్మ ఆడారు. బంతిపూలు, గునుగు దొరక్క ఇక్కడి చామంతులతో పేర్చిన బతుకమ్మలను అదే నీళ్లలో వదిలాం. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. ఈ దేశంలో చెరువు గట్టున బతుకమ్మ ఆడతానని అనుకోలేదని కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం అందరూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే నేను మాత్రం ఆ గుంత చుట్టూ నాలుగు కర్రలు పాతి, పసుపు టేపు కట్టి, పిల్లలు అటు పోకుండా దాని పక్కనే నిలబడ్డాను. ఇంకో పండగ అలా కాపలా కాస్తూ గడపలేను. చెరువు ఉంటే దాన్ని చూసుకునేవాళ్లం ఉండాలి. చూసుకోలేమంటే దాన్ని కిందివాళ్ల నెత్తి మీద నిలబెట్టే హక్కు మనకు లేదు.

ఓటింగ్ వచ్చే నెల రెండో గురువారం సాయంత్రం ఏడింటికి, క్లబ్‌హౌస్‌లో. రాలేనివాళ్లు ప్రాక్సీ ఫారం (మీ తరఫున ఇంకొకరు ఓటు వేయడానికి అనుమతి పత్రం) సంతకం చేసి ఇస్తే చాలు, అది కోరంలోకి లెక్కకొస్తుంది. ఫారాలు నా దగ్గర ఉన్నాయి, మీ ఇంటికే తెచ్చి ఇస్తాను. వద్దు అని ఓటు వేయాలనుకున్నా సరే, వచ్చి వేయండి. మనం రాకపోవడం వల్ల మాత్రం ఇది ఇంకోసారి ఆగిపోకూడదు.

అంతకుముందు, ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి నేను కట్ట మీద ఉంటాను. ఆ పెట్టె, ఆ పల్లం, గుంత, కింద ఊరే చోటు అన్నీ చూపిస్తాను. పిల్లల్ని కూడా తీసుకురండి. గడ్డి తడిగా ఉంటుంది, బూట్లు వేసుకుని రండి.

మీ పొరుగువాడు